క్రొత్త కంప్యూటరులో పాత ఫోటోషాప్

పెండ్లి శుభలేఖలు, ఫ్లెక్సీలు తయారుచేయు మన డి.టి.పి. కేంద్రములలో, 2002లో వెలువడిన ఫోటోషాప్ 7ను విడువనివారు నేటికిని కొందరున్నారు. పని జరుగుచుండగా మార్చుట యెందుకని వారి ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నయే. కాని పాత యంత్రము చెడి, విండోస్ 11 గల క్రొత్తది వచ్చిననాడు చిక్కు మొదలగును. ప్రోగ్రాములో ఒక్క అక్షరమును మారలేదు. దాని క్రిందనున్న ఆపరేటింగ్ సిస్టమ్ మారినది. మెమరీని, డిస్కును, తెరను ప్రోగ్రాములకు పంచియిచ్చునది అదియే గదా! కాబట్టి పంపకములో ఎక్కడ తేడా వచ్చినదో చూడవలెను.

మొదటిది బిట్ల సంగతి. 32 బిట్లతో వ్రాయదగిన చిరునామాలు 4,29,49,67,296. అనగా 4 గిగాబైట్ల మెమరీ. అందులో సాధారణముగా 2 గిగాబైట్లు మాత్రమే ప్రోగ్రామునకు దక్కును. యంత్రములో 16 గిగాబైట్లున్నను పాత ప్రోగ్రాము మెమరీ చాలదని మొరపెట్టుటకు ఇదొక కారణము. విండోస్ 11 64 బిట్లది. 32 బిట్ల ప్రోగ్రాములను ఒక మధ్యవర్తి ద్వారా నడుపును గాని, 16 బిట్లవాటిని నడుపదు. ప్రోగ్రాము 32 బిట్లదైనను దానిని ఎక్కించు సెటప్ 16 బిట్లదైన సందర్భములు ఆ కాలమున కలవు. ఇల్లు విశాలమే, గుమ్మమే ఇరుకు!

ఆపిల్ వారు ఇంకను కఠినులు. 2019లో వచ్చిన మాక్ ఓ.ఎస్. కాటలినాలో 32 బిట్ల ప్రోగ్రాములకు పూర్తిగా తలుపు మూసిరి. 2012 నాటి ఫోటోషాప్ సి.ఎస్. 6 తాను 64 బిట్లదే. కాని దానిని ఎక్కించు భాగములును, లైసెన్సు చూచు భాగములును 32 బిట్లవి. పెండ్లికొడుకు వచ్చినను పురోహితుడు రాలేదన్నట్లయినది.

రెండవది అనుమతి. 2007లో విండోస్ విస్టా వచ్చినప్పటినుండి, ప్రోగ్రాములుండు ప్రధాన ఫోల్డరులో సామాన్య వినియోగదారుడు వ్రాయరాదు. పాత ప్రోగ్రాము అలవాటుగా అక్కడ వ్రాయబోగా, విండోస్ దానిని చప్పుడు లేకుండ ఆ వినియోగదారుని సొంత ఫోల్డరులోనికి మరల్చును. అందుచే ఒకరు చేసిన మార్పు అదే యంత్రముపై మరియొకరికి కనబడదు. ప్రతిసారి అడ్మినిస్ట్రేటరుగా తెరచుట పలువురు చెప్పు చిట్కా. నాకది నచ్చదు; అట్లు తెరచినచో ఫోల్డరునుండి బొమ్మను లాగి ప్రోగ్రాములో వేయుట కుదరదు. ప్రోగ్రామును మొదటనే వేరొక ఫోల్డరులో ఎక్కించుట మేలు.

ప్రారంభములోనే మొరాయించినచో కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మీటలను మూడింటిని నొక్కిపట్టి తెరువుడు. పాత అమరికలను చెరిపివేయమందువా యని అది అడుగును, ఒప్పుకొనుడు. 4కె తెరపై మెనూలు చీమలవలె కనబడినచో, ప్రోగ్రాము ప్రాపర్టీసులోని కంపాటిబిలిటీ పుటలో హై డి.పి.ఐ. అమరికను సిస్టమునకు అప్పగింపవచ్చును. అక్షరములు కొంత మసకబారును.

ఇక అన్నిటికంటె విలువైనవి పాత ఫైళ్లు. ఫోటోషాప్ 7 యూనికోడ్ తెలుగును సరిగా కూర్చలేదు. కనుక ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు రూపములను దాచిన ఫాంటులతో మనవారు పని నడిపిరి. ఆ ఫాంటు క్రొత్త యంత్రములో లేనియెడల, వధూవరుల పేర్లు దిద్దబోవగనే అర్థములేని ఇంగ్లీషు అక్షరములుగా మారిపోవును. దిద్దనంతవరకు మాత్రము ఫైలులో భద్రపడియున్న బొమ్మయే కనబడును. కావున ముందు ఫాంటులను ఎక్కించుడు. అంతవరకు అక్షరముల పొరలను అప్‌డేట్ చేయుదునా యని అడిగినచో వలదనుడు. ముఖ్యమైనవాటిని పొరలన్నియు కలిపి టిఫ్ రూపమున మరియొక ప్రతి తీసి ఉంచుడు. గింప్ అను ఉచిత ప్రోగ్రాము ఈ ఫైళ్లను తెరచును గాని, పొరలపై వేసిన నీడలు, మెరుపులు యథాతథముగా రాకపోవచ్చును.

ఏదియు ఫలింపనిచో, క్రొత్త కంప్యూటరులోనే వర్చువల్ మెషీన్‌గా పాత విండోస్ ఎక్స్.పి.ని నడుపవచ్చును. దానికి భద్రతా సవరణలు 2014తో ఆగిపోయినవి గనుక, ఇంటర్నెట్టు తెగగొట్టియే వాడవలెను.