ఫోన్‌లో వీడియో మోసుకొచ్చేది వెలుగే.. ఆ టెక్నాలజీ తయారీలో మనమెక్కడ? వెల్దుర్తి నుంచి కర్నూలు దాకా ఫొటోనిక్స్ కథ

పల్నాడు జిల్లా వెల్దుర్తిలో ఎవరో ఫోన్‌లో ఒక వీడియో ఓపెన్ చేశారనుకుందాం. సెల్ టవర్ నుంచి ఫోన్ దాకా వచ్చేది రేడియో సిగ్నల్. కానీ అంతకుముందు వందల కిలోమీటర్లు ఆ వీడియో ప్రయాణించేది వెంట్రుకంత సన్నని గాజు తీగలో, లేజర్ వెలుగు రూపంలో. ఇలా వెలుగును పుట్టించి, దారి మళ్లించి, మనకు కావాల్సిన పని చేయించుకునే శాస్త్రమే ఫొటోనిక్స్. దాన్ని వాడుకోవడంలో మన పల్లెలు వెనకబడి లేవు. మరి తయారు చేయడంలో? పరిశోధన చేయడంలో? అసలు ప్రశ్న అదే.

ఊళ్లోనే ఉంది.. పేరే తెలియదు

ట్రాక్టర్‌కు కట్టి వరి మడిని చదును చేసే లేజర్ లెవెలర్ చాలామంది రైతులకు తెలుసు. గట్టు మీద స్టాండుపై లేజర్ తిరుగుతుంటుంది. బకెట్‌కు బిగించిన రిసీవర్ ఆ వెలుగును పట్టుకుని, ఎక్కడ మట్టి తీయాలో, ఎక్కడ వేయాలో చూసుకుంటుంది. మడి చదునుగా ఉంటే నీళ్లు అంతటా సమానంగా పారతాయి. రైస్ మిల్లుల్లో సార్టెక్స్ అని పిలిచే మిషన్ కూడా ఇలాంటిదే. ధారగా జారే గింజల మీద వెలుగు పడుతుంది, కెమెరా రంగు చూస్తుంది, నల్ల గింజను గాలి దెబ్బతో పక్కకు నెట్టేస్తుంది. షాపులో బార్‌కోడ్ స్కానర్, ఆసుపత్రిలో కంటి లేజర్, ఇంట్లో ఎల్‌ఈడీ బల్బు.. అన్నీ ఈ కుటుంబమే.

ఒక సైంటిస్టు ఫ్యాక్టరీల చుట్టూ ఎందుకు తిరిగారు?

ల్యాబ్‌లో పేపర్ రాస్తే సరిపోదని చెప్పడానికి చార్లెస్ కావ్ కథే సాక్ష్యం. 1966లో ఇంగ్లండ్‌లో పనిచేస్తున్న కావ్, తన సహచరుడు జార్జ్ హాక్‌హామ్‌తో కలిసి ఒక మాట చెప్పారు. గాజులోని మలినాలు తీసేస్తే ఫోన్ మాటల్ని వెలుగుతో పంపొచ్చని. కిలోమీటర్ దూరం పోయాక కనీసం నూటికి ఒక వంతు వెలుగు మిగిలితే చాలన్నది ఆయన పెట్టుకున్న లక్ష్యం. అప్పటి గాజులో అదీ మిగిలేది కాదు. నమ్మినవాళ్లు తక్కువ. దాంతో కావ్ గాజు కంపెనీలకు, ల్యాబ్‌లకు స్వయంగా వెళ్లి వివరించారు. 1970లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీ ఆ లక్ష్యాన్ని దాటిన ఫైబర్‌ను తయారు చేసింది. ఇప్పటి మంచి ఫైబర్‌లో కిలోమీటర్ తర్వాత కూడా నూటికి 95 వంతుల వెలుగు మిగులుతుంది. కావ్‌కు 2009లో నోబెల్ వచ్చింది. ఐడియా ఆయనదే అయినా, అది ప్రపంచానికి పనికొచ్చింది ఫ్యాక్టరీ దాకా వెళ్లాకే.

తెలుగు నేల మీద ఏం జరుగుతోంది?

2025 ఏప్రిల్ 13న కర్నూలు జిల్లాలోని డీఆర్‌డీఓ టెస్ట్ రేంజ్‌లో లేజర్ ఆయుధంతో డ్రోన్లను కూల్చారు. దాన్ని తయారు చేసింది హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ల్యాబ్ చెస్. అందులో మన దేశ కంపెనీలు, విద్యాసంస్థల పాత్ర కూడా ఉంది. హైదరాబాద్ శివారు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐలో లేజర్‌తో లోహాలను వెల్డింగ్ చేయడం, గట్టిపరచడం లాంటి వాటిపై పరిశోధన సాగుతోంది. అక్కడ తయారైన టెక్నాలజీలను కంపెనీలకు అందించడం ఆ సంస్థ పనుల్లో ఒకటి. హైదరాబాద్‌లోనే హెచ్‌ఎఫ్‌సీఎల్ కంపెనీ ఆప్టికల్ ఫైబర్ తయారు చేస్తోంది.

ఇక వాడకం విషయానికొస్తే, ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగడం దాని ప్రత్యేకత. అదే నెలలో గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్‌కు చెందిన ఎక్స్ సంస్థతో రాష్ట్రం మరో ఒప్పందం చేసుకుంది. కొండలు, నదులు అడ్డొచ్చి ఫైబర్ వేయలేని చోట, గాల్లోనే వెలుగు కిరణంతో డేటా పంపే 2 వేల లింకులకు సంబంధించిన ప్లాన్ అది. ఒక లింకు 20 కిలోమీటర్ల దాకా పనిచేస్తుంది. రెండు పెట్టెలు ఒకదానికొకటి సూటిగా కనపడాలి, మంచు దట్టంగా పడితే ఇబ్బంది. ఒకవైపు నల్లమల, మరోవైపు కృష్ణానది ఉన్న పల్నాడు లాంటి చోట్లకు పనికొచ్చే ఆలోచనే. కానీ ఆ పెట్టె పుట్టింది కాలిఫోర్నియాలో. మనం కొనేవాళ్లం మాత్రమే.

ముగ్గురికి మూడు రకాలుగా చెప్పాలి

పరిశోధన గురించి అందరికీ ఒకే మాట చెబితే ఎవరికీ ఎక్కదు.

కంపెనీలకు కావాల్సింది లెక్క. లేజర్ వెల్డింగ్‌తో ఎంత వేస్ట్ తగ్గుతుంది, మిషన్ ఖర్చు ఎన్నేళ్లలో తిరిగొస్తుంది అన్నది చూపిస్తేనే ఫ్యాక్టరీ యజమాని ల్యాబ్ గుమ్మం తొక్కుతాడు.

ప్రభుత్వానికి చెప్పాల్సింది ఉమ్మడి సదుపాయాల అవసరం. దుమ్ము కణం కూడా చొరబడని క్లీన్‌రూమ్‌ను చిన్న కంపెనీ సొంతంగా కట్టుకోలేదు. అమెరికాలో 2015లో మొదలైన ఎయిమ్ ఫొటోనిక్స్ అందుకు దారి చూపించింది. ప్రభుత్వం డబ్బు పెట్టింది, యూనివర్సిటీలు, కంపెనీలు కలిసొచ్చాయి. చిన్న సంస్థలు కూడా ఒకే సిలికాన్ పలకను పంచుకుని తమ చిప్‌లు చేయించుకునే వీలు కలిగింది.

జనానికి చెప్పాల్సింది వాళ్ల భాషలో ఉండాలి. కర్నూలు లేజర్ గురించి అధికారిక ప్రకటనలో ఒక పోలిక ఉంది. కొన్ని సెకన్లు పేల్చడానికయ్యే ఖర్చు రెండు లీటర్ల పెట్రోల్ ఖర్చుతో సమానమని. కిలోవాట్ల లెక్క తెలియని వాళ్లకూ ఆ ఒక్క మాటతో విషయం అర్థమైపోతుంది. స్తంభం మీది ఫైబర్ కేబుల్‌లో గాజు తీగల్లో రాగి ఉండదు, కోసుకెళ్లినా అమ్ముకోవడానికి పనికిరాదు. తెగిన ఫైబర్ కొసలోకి చూడకూడదు, అందులో వచ్చేది కంటికి కనిపించని వెలుగు, చూపు దెబ్బతినొచ్చు. ఇలాంటి సంగతులు ఊళ్లలో చెప్పడం కూడా ప్రచారంలో భాగమే.

పల్నాడు పిల్లలకు ఏంటి?

నరసరావుపేటలో జేఎన్‌టీయూకే ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. ఈ జిల్లా నుంచి ఏటా ఫిజిక్స్, ఈసీఈ చదివి బయటికొచ్చే పిల్లలు ఉన్నారు. వాళ్లలో చాలామంది చూపు సాఫ్ట్‌వేర్ వైపే. ఎందుకంటే వాళ్లకు కనిపించే దారి అదొక్కటే. ఫైబర్ జాయింట్ వేసే టెక్నీషియన్ నుంచి లేజర్ మిషన్ డిజైన్ చేసే ఇంజినీర్ దాకా ఫొటోనిక్స్‌లో మెట్లు చాలా ఉన్నాయి. అసలు ఆ మెట్లు ఉన్నాయని ఎవరో ఒకరు చెప్పాలి కదా!

1960 మే 16న ప్రపంచంలో మొదటి లేజర్ వెలిగింది. అందుకే యునెస్కో ఏటా ఆ రోజును అంతర్జాతీయ కాంతి దినోత్సవంగా జరుపుతుంది. మనకు మే అంటే బడి సెలవులు. అయినా నష్టమేం లేదు. బడి తెరిచాక ఒక పూట, ఒక గాజు తీగ, ఒక టార్చ్ లైటు తెచ్చి, ఈ కొసన పెట్టిన వెలుగు ఆ కొసన ఎలా బయటపడుతుందో చూపిస్తే చాలు. రోజూ చూసే వీడియో వెనక ఏముందో వెల్దుర్తి పిల్లలకు తెలుస్తుంది. ఆ తీగను తయారు చేసేది మనమెందుకు కాకూడదన్న ప్రశ్న వాళ్లే అడుగుతారు.