తేనె తింటే జబ్బులు రావా?

జలుబు చేస్తే అమ్మమ్మ అల్లం రసంలో తేనె కలిపి నాకిస్తుంది. "రోజూ ఇంత తేనె తినరా, ఏ జబ్బూ నీ దరికి రాదు!" అంటుంది. ఈ మాటలో నిజమెంత?

మన ఒంట్లో ఒక సైన్యం ఉన్నది. నెత్తుటిలోని తెల్ల కణాలే ఆ సైనికులు. కొన్ని కణాలు లోపల చొరబడిన సూక్ష్మజీవులను మింగేస్తాయి. కొన్ని ప్రతిరక్షకాలనే పదార్థాలను తయారుచేసి వాటిని లొంగదీస్తాయి. ఒకసారి చూసిన శత్రువును గుర్తుపెట్టుకునే కణాలు కూడా ఉన్నాయి. ఇదే రోగనిరోధక శక్తి.

ఇక తేనె సంగతి. నూరు పాళ్ల తేనెలో సుమారు 80 పాళ్లు చక్కెరలే. అందులో పడిన సూక్ష్మజీవి ఒంట్లోని నీటిని ఆ చక్కెరలు లాగేస్తాయి. పైగా, తేనెటీగ కలిపిన ఒక ఎంజైము, తేనెకు తడి తగిలినప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడును పుట్టిస్తుంది. అది సూక్ష్మజీవులను చంపుతుంది. అందుకే 3,500 ఏళ్ల క్రితమే ఈజిప్టు వైద్యులు గాయాలకు తేనె పూసేవారు. శుద్ధిచేసిన తేనెను ఈనాటికీ కొన్ని పుండ్లకు వాడుతున్నారు.

కాని పూయటం వేరు, తినటం వేరు. కడుపులోకి పోయిన తేనె పలచబడిపోతుంది. అందులోని చక్కెరలు జీర్ణమై నెత్తుటిలో కలుస్తాయి. గాజుపాత్రలలోని కణాల మీద తేనె కొంత ప్రభావం చూపిన మాట నిజమే. అయితే గాజుపాత్ర మనిషి కాదు గదా! తేనె తింటే మనుషుల రోగనిరోధక శక్తి పెరిగి జబ్బులు రాకుండా పోతాయనటానికి గట్టి రుజువు లేదు. ఆ సైన్యానికి శత్రువును ముందే చూపి తర్ఫీదు ఇచ్చేది టీకా.

మరి అమ్మమ్మ మాట అబద్ధమా? పూర్తిగా కాదు. తేనె దగ్గును కొంత తగ్గిస్తుందని పిల్లల మీద జరిపిన పరీక్షలలో తేలింది.

ఒక్క జాగ్రత్త మాత్రం మరవకూడదు. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయటం మనలో చాలా ఇళ్లలో అలవాటు. ఏడాది నిండని బిడ్డకు చుక్క తేనె కూడా పెట్టరాదు! తేనెలో ఒక్కొక్కప్పుడు బొటులిజం అనే జబ్బు కలిగించే బాక్టీరియాల బీజాలు ఉంటాయి. మన పేగులలో అవి సామాన్యంగా మొలకెత్తలేవు. పసిబిడ్డ పేగులలో మొలకెత్తి విషం పుట్టిస్తాయి. దానితో కండరాలు చచ్చుబడి, ఊపిరి తీయటమే కష్టమవుతుంది. పసిపిల్లలకు వచ్చే ఈ జబ్బును 1976లో అమెరికాలో గుర్తించారు. తేనెను కాచినా ఆ బీజాలు చావవు.

మీ ఇంట్లో చంటి తమ్ముడో చెల్లాయో ఉంటే, అమ్మమ్మ తేనె సీసా తీసినప్పుడు మెల్లగా చెప్పండి: "మొదటి పుట్టినరోజు కానీ, అమ్మమ్మా! అందాకా ఆ తేనె మాకు పెట్టు!"