వెయ్యి ఉరుల మర్రి: ఐతిహ్యాన్ని సాక్షిగా చదవడం

ఐతిహ్యం ఎదురైనప్పుడు మన రచయితలు సాధారణంగా రెండు పనులలో ఏదో ఒకటి చేస్తుంటారు. కొందరు దాన్ని ఉన్నదున్నట్లు నమ్మి కీర్తన కడతారు. మరికొందరు లిఖితాధారం లేదు గనుక అది చరిత్ర కాదని తోసిపుచ్చుతారు. మొదటివారి భక్తి వీరుని మీద, రెండోవారి భక్తి కాగితం మీద. ఇద్దరూ చేయని పని, ఐతిహ్యాన్ని సాక్షిగా నిలబెట్టి ప్రశ్నించడం. సాక్షి చెప్పిందంతా నిజం కానక్కరలేదు. అతను పొరబడవచ్చు, పెంచి చెప్పవచ్చు, భయపడి కొంత దాచవచ్చు. అయినా నేరం జరిగిన చోట ఉన్నవాడు అతనే. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో జరిగిన మూడు ఘటనల ఆధారంగా ఈ పద్ధతిని వివరించడానికి ప్రయత్నిస్తాను. మూడింటిలోనూ చంపింది ఎవరన్నది రహస్యం కాదు. చనిపోయింది ఎందరు, ఎవరెవరు, ఏ రోజున అన్నదే ఇంతవరకూ తేలలేదు.

మొదటిది నిర్మల్. 1857 తిరుగుబాటును ఉత్తరాదిన అణచివేసిన తర్వాత రోహిల్లాలు కొందరు గోదావరి పరిసరాల అడవుల్లో పోరు సాగించారు. గోండు నాయకుడు రాంజీ గోండు వారితో చేయి కలిపి నిర్మల్ చుట్టుపక్కల నిజాం, ఆంగ్లేయ బలగాలను ఎదిరించాడు. చివరికి పట్టుబడ్డాడు. నిర్మల్ దగ్గర ఎల్లపెల్లి దారిలో ఒక మర్రిచెట్టుకు ఆయననూ, ఆయన వెంట ఉన్న వెయ్యిమందినీ ఉరితీశారని జనం చెబుతారు. 1860 ఏప్రిల్ 9న ఇది జరిగిందని రాస్తున్నారు. ఆ చెట్టుకు వెయ్యి ఉరుల మర్రి అని పేరు నిలిచింది. 1990 దశకంలో వచ్చిన గాలివానకు చెట్టు కూలిపోయింది. పేరు మాత్రం కూలలేదు.

నేను కరీంనగర్ జిల్లాలో తెలుగు చెప్పే పంతులును. ఒకసారి పదో తరగతిలో ఈ సంగతి చెబుతుంటే వెనుక బెంచీ కుర్రవాడు లేచి, "సార్, ఒక్క చెట్టుకు వెయ్యిమందిని ఎట్ల ఉరి తీస్తరు? అన్ని కొమ్మలుంటయా?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. కాని ఇది నవ్వవలసిన ప్రశ్న కాదు. మన పండితులు చాలామంది అడగకుండా వదిలేసిన ప్రశ్నను ఆ కుర్రవాడు అడిగాడు. ఎంత ఊడలు దిగిన మర్రి అయినా, ఒకేనాడు వెయ్యిమందిని ఉరితీయాలంటే అన్ని తాళ్ళు కావాలి, అంతమందిని పట్టి ఉంచే కాపలా కావాలి, అన్ని శవాలను దింపి పూడ్చే మనుషులు కావాలి. ఒక చిన్న పట్నం పక్కన ఒక్కరోజులో ఇంత పని జరిగిందని అక్షరాలా ఒప్పుకోవడం కష్టమే. అతని అనుమానం న్యాయమైనది. అయితే ఆ అనుమానం నుంచి "కాబట్టి అబద్ధం" అనే చోటికి ఒక్క గంతులో పోవడం మాత్రం న్యాయం కాదు.

ఇక్కడ భాషాసాహిత్యాలు చదువుకున్నవాడు చరిత్రకారుడికి కొంత సాయం చేయగలడు. తెలుగులో వెయ్యి అన్నది అంకె మాత్రమే కాదు. వెయ్యి కళ్ళతో ఎదురుచూశామంటాం. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమంటాం. హనుమకొండలో వేయిస్తంభాల గుడికి పోయినవాడు స్తంభాలు లెక్కపెట్టి, వెయ్యి తేలలేదని గుడే లేదనడు. లెక్కకు మించినదాన్ని చెప్పడానికి మన వాడుకలో ఉన్న మాట అది. కనుక వెయ్యి ఉరులు అన్నప్పుడు ఆ మాట రెండు సంగతులు చెబుతోంది. చాలామంది చనిపోయారు. వాళ్ళను లెక్కపెట్టే వీలు చూసినవారికి లేకపోయింది.

పేరును ఇంకొంచెం దగ్గరగా చూడండి. వెయ్యి ఉరులు అన్నారు గాని వెయ్యిమంది అనలేదు. పేరు పెట్టినవారి కంటికి ఆనింది తాళ్ళు. రెండోది, ఆ పేరు తెలుగు పేరు. ఉరికంబం ఎక్కినవారిలో ఎక్కువమంది గోండులు, రోహిల్లాలు. ఒకరి భాష గోండి, మరొకరిది ఉర్దూ. చెట్టుకు పేరు పెట్టింది మాత్రం నిర్మల్ చుట్టుపట్ల తెలుగు మాట్లాడే జనం. అంటే మనకు దొరికిన సాక్ష్యం చనిపోయినవారి బంధువులది కాదు, దారిన పోతూ చూసినవారిది. దారిన పోయేవాడికి వేలాడుతున్నవారి పేర్లు తెలియవు. నాయకుని పేరు మాత్రం తెలుస్తుంది. వెయ్యిమందిలో ఒక్క రాంజీ పేరే అందరి నోటా మిగలడానికి ఇదే కారణమని నా ఊహ.

దీనికి పోలిక ఒకటి ఉత్తరప్రదేశ్‌లోని ఫతేపూర్ జిల్లాలో ఉంది. అక్కడ 1858 ఏప్రిల్ 28న జోధాసింగ్ అటయ్యానూ, ఆయన సహచరులు 51 మందినీ ఒక చింతచెట్టుకు ఉరితీశారు. ఆ చెట్టును బావనీ ఇమ్లీ, అంటే యాభైరెండు చింత అంటారు. రెండు చెట్లదీ ఒకే కాలం, ఒకే రకం శిక్ష. ఒక పేరులో లెక్క ఉంది, రెండో పేరులో లెక్క తప్పిన గుర్తు ఉంది. చనిపోయినవారు ఎరిగినవాళ్ళయితే జనం యాభైరెండు అని కూడా గుర్తుపెట్టుకోగలరు. కనుక జనశ్రుతి ఎప్పుడూ అతిశయోక్తే అని కొట్టిపారేయడం కుదరదు. అంకె ఉన్నచోట అది అంకెను దాచుకుంటుంది, లేనిచోట వెయ్యి అంటుంది.

రెండోది జోడేఘాట్. అడవి మీద, భూమి మీద, నీటి మీద గోండుల హక్కు కోసం లేచిన కొమురం భీం 1940లో ఆ గుట్టల్లో నిజాం పోలీసుల కాల్పులకు బలయ్యాడు. సంవత్సరం విషయంలో పేచీ లేదు. ఏ రోజు అన్నదే చిక్కు. అచ్చులో సెప్టెంబర్ 1 అని ఒకచోట, అక్టోబర్ 8 అని మరొకచోట, అక్టోబర్ 27 అని ఇంకొకచోట కనిపిస్తుంది. జోడేఘాట్‌లో గోండులు మాత్రం ఏటా ఆశ్వయుజ పౌర్ణమినాడు వర్ధంతి జరుపుతారు. ప్రభుత్వం కూడా ఆనాడే జరుపుతోంది.

ఈ చిక్కును కొంతవరకు ఆకాశాన్ని అడిగి తేల్చుకోవచ్చు. 1940 అక్టోబర్ 1న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. మన దేశంలో కనిపించలేదు గాని, గ్రహణం ఎక్కడ కనిపించినా ఆనాడు అమావాస్యే. అక్కడి నుంచి పదిహేను రోజులు లెక్కిస్తే ఆ ఏటి ఆశ్వయుజ పౌర్ణమి అక్టోబర్ 16 ప్రాంతంలో పడుతుంది. సెప్టెంబర్ 1 దాదాపు అమావాస్య. అక్టోబర్ 8 శుక్లపక్షం మధ్య. అక్టోబర్ 27 బహుళపక్షం చివర. అచ్చయిన మూడు తేదీల్లో ఒక్కటీ పౌర్ణమి కాదు.

మరి ఎవరిని నమ్మాలి? ఒక పుస్తకంలో పడ్డ అంకెను పది పుస్తకాలు చూసి రాస్తే అది పది సాక్ష్యాలు కాదు, ఒకటే. ఏటా ఊరంతా కలిసి జరిపే తిథి అంత తేలికగా కదలదు. ఇది పౌర్ణమి పక్షాన వాదన. ఎదుటి పక్షానా ఒక వాదన ఉంది. దీపావళికి ముందు దండారి రోజులు. గుస్సాడీలు ఆడేదీ, ఊళ్ళు ఊళ్ళను కలిసేదీ అప్పుడే. జనం గుమిగూడే కాలానికి వీరుని తిథి కొంచెం జరిగి చేరడం అసంభవం కాదు. తీర్పు చెప్పే తొందర నాకు లేదు. కాని పౌర్ణమిని విశ్వాసమనీ, అంకెను చరిత్ర అనీ విడదీసే అలవాటు ఈ పరీక్ష ముందు నిలవదని మాత్రం అనగలను.

భీం గురించి ఒక వింత కథ కూడా ఉంది. ఆయనకు మంత్రాలు తెలుసునని, మళ్ళీ లేచి వస్తాడన్న భయంతో పోలీసులు ఆయన దేహాన్ని జల్లెడయ్యేదాకా కాల్చారని చెబుతారు. ఇలాంటి మాట ఇక్కడే కాదు, తుపాకీ లేనివాడు తుపాకీకి ఎదురు నిలిచిన చాలాచోట్ల వినిపిస్తుంది. 1899-1900 నాటి బిర్సా ముండా ఉల్గులాన్‌లో తూటాలు నీళ్ళయిపోతాయని నమ్మారు. 1905లో తూర్పు ఆఫ్రికాలో జర్మన్లపై లేచిన మాజీ మాజీ తిరుగుబాటుకు ఆ పేరే నీటి నుంచి వచ్చింది. మాజీ అంటే స్వాహిలీలో నీళ్ళు. హేతువాదులం గనుక మంత్రాన్ని మనం నమ్మం. కాని భీం కథలో మంత్రానికి భయపడింది ఎవరో గమనించాలి. కథ చెప్పేది గోండుల నమ్మకం గురించి కంటే పోలీసుల భయం గురించి. ఒక మనిషిని చంపడానికి కావలసినదానికంటే ఎక్కువ తూటాలు ఖర్చయ్యాయని ఆ సాక్షి అంటోంది. మంత్రాన్ని తీసేసినా ఆ ఆరోపణ మిగులుతుంది. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన 'కొమురం భీం' నవల 1983లో వచ్చింది. జనం నోట ఉన్నదాన్ని మహిమగా మార్చకుండా మనిషి కథగా నిలబెట్టవచ్చునని చూపిన రచన అది. విద్యార్థులు ఈ దృష్టితో దాన్ని మళ్ళీ చదవాలి.

మూడోది ఇంద్రవెల్లి. దీనికి పాత కథ అన్న మరుగు లేదు. 1981 ఏప్రిల్ 20, సోమవారం, ఊరి అంగడి రోజు. గిరిజన రైతుకూలీ సంఘం తలపెట్టిన సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. 13 మంది చనిపోయారని ప్రభుత్వం చెప్పింది. 60కి పైగా అని పౌరహక్కుల వైపు నుంచి అన్నారు. వందకు మించి అన్నవారూ ఉన్నారు. పత్రికలు, రేడియో, ఆసుపత్రులు, శాసనసభ అన్నీ ఉన్న కాలంలో ఒక పూట జరిగిన చావుల లెక్క తేలలేదు. అంగడికి వచ్చినవాడెవడో సభకు వచ్చినవాడెవడో తెలియదు. గాయపడినవారు అడవిలోకి పారిపోయారని, దారిలో పోయినవారు ఏ లెక్కలోకీ ఎక్కలేదని ప్రజలు చెబుతారు. అమరుల పేర కట్టిన స్తూపాన్ని 1986లో పేల్చివేశారు. తర్వాత మళ్ళీ కట్టారు. ఏళ్ళ తరబడి ఏప్రిల్ 20న అక్కడ 144వ సెక్షన్ పెట్టి జనాన్ని రానీయలేదు. లెక్క తేలకుండా పోవడానికి కాలం గడవడం ఒక్కటే కారణం కాదని ఇంద్రవెల్లి నేర్పుతుంది. గుర్తు తెచ్చుకునే చోటునే మూసివేస్తే లెక్క ఎట్లా తేలుతుంది?

ఇది ఒక్క ఆదిలాబాద్ సంగతి కాదు. 1919లో జలియన్‌వాలాబాగ్‌లో 379 మంది అని ప్రభుత్వం, సుమారు వెయ్యిమంది అని కాంగ్రెస్ విచారణ చెప్పాయి. పాలకుల అంకె చిన్నది, కాని ఒకట్ల స్థానం దాకా కచ్చితంగా ఉంటుంది. ప్రజల అంకె పెద్దది, గుండుగా ఉంటుంది. కచ్చితంగా కనిపించే అంకెనే నమ్మడం మనకు బడిలో అయిన అలవాటు. 13 అంటే ప్రభుత్వం చేతికి చిక్కిన శవాల లెక్క. చనిపోయినవారందరి లెక్క అదే అనుకోవడానికి ఆధారమేమిటి? ఇంద్రవెల్లిని చూశాక నిర్మల్ వెయ్యి వింతగా తోచదు. ఒక గుండు అంకె ఎట్లా పుడుతుందో మన కళ్ళముందే చూశాం.

ఇప్పుడు మన సంగతి. అభ్యుదయ రచయితలం కూడా ఈ విషయంలో తక్కువ తినలేదు. వెయ్యి ఉరుల మర్రిని మన కవిత్వంలో అలంకారంగా వాడుకోవడం అలవాటయింది. ఏప్రిల్ రాగానే మర్రి, ఆశ్వయుజం రాగానే భీం. ఆ కవితల్లో వెయ్యిమంది ఉంటారు గాని మనిషి ఒక్కడూ ఉండడు. ఏ గూడెం వాడు, ఏ ఇంటిపేరు వాడు, వెనుక ఎవరు మిగిలారు అన్న ప్రశ్న ఉండదు. వెయ్యి అన్నది లెక్క తెలియనివాడు చేతులెత్తేసి అన్న మాట. దాన్ని మనం జెండా మీద రాసుకుని తృప్తిపడుతున్నాం.

పేర్లు వెతకడానికి దారి ఉందని నా నమ్మకం. గోండుల వంశగాథలు పాడేవాళ్ళు ప్రధానులు, తోటీలు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలుగా ఉన్న గోండు తెగల్లో ఒక్కో ప్రధాన్ కుటుంబానికి తరతరాలుగా దాతల ఇళ్ళు ఉంటాయి. ఆ ఇళ్ళ కథ కిక్రి మీద పాడడం వాళ్ళ వృత్తి. దారిన పోయిన తెలుగువాడికి తెలియని పేర్లు ఉంటే గింటే అక్కడ ఉండాలి. కాగితం లేదన్న మాటకూ జవాబుంది. గోండికి లిపి లేదని చాలాకాలం చెప్పుకున్నాం. నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో సొంత లిపిలో రాసిన గోండి రాతప్రతులు బయటపడ్డాయి. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. ఆధారం లేదంటే ఎన్నోసార్లు మనం చదవగల భాషలో లేదని మాత్రమే అర్థం.

ఎం.ఏ. విద్యార్థులు పరిశోధనకు విషయాలు లేవని అంటుంటారు. గోండి నేర్చుకుని, ఉట్నూరు, కెరమెరి, నిర్మల్ వైపు గూడేల్లో ప్రధానుల పాటలు రికార్డు చేయండి. పాడినవారి పేరు, ఊరు, దాతల ఇంటిపేరు, పాడిన సందర్భం రాసుకోండి. అంకె వినిపిస్తే ఎవరు లెక్కపెట్టారని అడగండి. తేదీ వినిపిస్తే తిథి అడగండి. మహిమ వినిపిస్తే అందులో భయపడిందెవరో అడగండి. దొరికింది ఏదైనా చెప్పినవారి ఊళ్ళోనే మళ్ళీ చదివి వినిపించి సరిచూసుకోండి. వెయ్యిమందిలో పది పేర్లు దొరికినా, మా బడిలో ఆ కుర్రవాడు అడిగిన ప్రశ్నకు ఇప్పటికన్నా మంచి జవాబు చెప్పగలుగుతాం.