వేట విరామం తర్వాత బోటు ఇంజన్ స్టార్ట్ కావడం లేదా? డీజిల్ లైనులో ముందు ఇవి చూడండి

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మర బోట్లకు సముద్రంలో వేట నిషేధం ఉంటుంది. ఈ రెండు నెలల్లో వలలు అల్లుకుంటారు, బోటుకు రంగు వేయిస్తారు, చెక్క పగుళ్లు పూడ్పిస్తారు. డీజిల్ ట్యాంకు మూత తీసి లోపల ఎలా ఉందో చూసేవారు మాత్రం తక్కువ. తీరా జూన్ 15న ఐసు, డీజిల్, సరుకులు అన్నీ ఎక్కించాక ఇంజన్ అందుకోదు. లేదా ఒడ్డున చక్కగా తిరిగి, మొగ దాటే చోట కెరటాల మధ్య ఆగిపోతుంది. మొదటిదానికి ఒక రోజు వేట పోతుంది. రెండోదానికి మనుషుల ప్రాణాలే పోవచ్చు.

చాలాకాలం ఆపి ఉంచిన డీజిల్ ఇంజన్ మొరాయిస్తే తప్పు ఎక్కువగా ఇంధనం వచ్చే దారిలోనే ఉంటుంది. అందులో చాలా వరకు మెకానిక్ లేకుండా మీరే సరిచేసుకోవచ్చు. ఇక్కడ ఫైబర్ బోట్లకు, తెప్పలకు వాడే ఒంటి సిలిండరు డీజిల్ ఇంజన్ గురించి చెబుతున్నాం. కాలువ గట్టున, చెరువు దగ్గర ఆయిల్ ఇంజన్ పెట్టుకున్న రైతులకు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది.

హ్యాండిల్ పట్టే ముందు

ముందు ఇంజన్ ఆయిల్ గేజి పుల్ల తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే అందులో నీరు చేరినట్టు. మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తుంటే డీజిల్ కారి అందులో కలిసినట్టు. ఈ రెండింటిలో ఏది కనిపించినా ఇంజన్ తిప్పకండి. కారణం కనుక్కుని, ఆయిల్ మార్చాకే ముందుకు వెళ్లాలి.

ఆయిల్ బాగుంటే డీకంప్రెషన్ లివర్ ఎత్తి, స్టాప్ లివర్ లాగి ఉంచి, హ్యాండిల్‌తో నెమ్మదిగా ఇరవై ముప్పై చుట్లు తిప్పండి. ఆరిపోయిన బేరింగులకు ఆయిల్ అందుతుంది. తిరగకుండా బిగుసుకుంటే బలవంతం చేయవద్దు. సిలిండరులోకి నీరు చేరి ఉండవచ్చు.

నీటితో చల్లబడే ఇంజన్‌ను ఒడ్డున పరీక్షించేటప్పుడు నీటి పైపును డ్రమ్ములో ముంచి ఉంచాలి. 'ఒక్క నిమిషమే కదా' అని ఎండుగా తిప్పితే నీటి పంపులోని రబ్బరు చక్రం కాలిపోతుంది. అప్పుడు ఒక జబ్బు చూడబోయి ఇంకొకటి తెచ్చుకున్నట్టవుతుంది.

పొగను బట్టి దారి తెలుస్తుంది

ఇక మామూలుగా స్టార్ట్ చేసే ప్రయత్నం చేస్తూ సైలెన్సర్ వైపు ఒక మనిషిని నిలబెట్టండి. ఎన్నిసార్లు తిప్పినా పొగ అసలు రాకపోతే సిలిండరులోకి డీజిల్ చేరడం లేదు. ట్యాంకు నుంచి నాజిల్ వరకు ఎక్కడో దారి మూసుకుంది, లేదా గాలి పట్టింది. తెల్లపొగ వస్తూ ఇంజన్ అందుకోకపోతే డీజిల్ చేరుతోంది గాని మండడం లేదు. డీజిల్‌లో నీరు, నాజిల్ సరిగా చల్లకపోవడం, కంప్రెషన్ తగ్గడం వంటి కారణాలు చూడాలి. స్టార్ట్ అయి కొద్ది నిమిషాల్లో ఆగితే ట్యాంకు గాలి రంధ్రం, ఫిల్టర్. వేగం ఒకసారి పెరిగి ఒకసారి తగ్గుతూ ఊగిసలాడితే గాలి, లేదా పంపు రాక్ సరిగా కదలకపోవడం.

ఇదంతా తెలుసుకోకుండానే చాలామంది మొదట ఎఫ్.ఐ. పంపు విప్పిస్తారు. మా దృష్టిలో అది ఆఖరున చేయాల్సిన పని. ఖర్చు ఎక్కువ, అవసరం తక్కువ. అప్పటికే ఇద్దరు మెకానిక్‌ల చేతులు పడి, పంపు కూడా ఒకసారి విప్పిన ఇంజన్‌ను ఒకచోట చూశాం. చివరికి తేలిందేమిటంటే ట్యాంకు మూతకున్న గాలి రంధ్రంలో కందిరీగ మట్టి గూడు కట్టింది. గుండుసూదితో తీసిన మట్టి చిటికెడు కూడా లేదు.

ట్యాంకు నుంచి మొదలుపెట్టండి

ఫిల్టర్ దగ్గర డీజిల్ పైపు ఊడదీసి, చివరను సీసాలో పెట్టి ట్యాంకు కాక్ తిప్పండి. ఇంజన్ కంటే ఎత్తులో ఉన్న ట్యాంకు నుంచి డీజిల్ సన్నబడకుండా ధారగా రావాలి. మొదట బాగా వచ్చి క్రమంగా తగ్గితే ట్యాంకు మూత వదులు చేయండి. ధార మళ్లీ పెరిగితే గాలి రంధ్రం మూసుకుందని అర్థం. మూత తీసినా పెరగకపోతే కాక్‌లోనో, పైపులోనో మడ్డి అడ్డుపడింది. ట్యాంకు ఇంజన్ కంటే కింద ఉన్న బోట్లలో ధార దానంతటదే రాదు. ఫీడ్ పంపుకు ఉన్న చేతి లివర్ కొట్టి చూడాలి.

ఇప్పుడు ట్యాంకు అడుగు నుంచి ఒక గాజు సీసా డీజిల్ పట్టి అరగంట కదల్చకుండా ఉంచండి. నీరు డీజిల్ కంటే బరువు కాబట్టి అడుగుకు దిగి, మధ్యలో గీత గీసినట్టు కనిపిస్తుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో పగటి వేడికి, రాత్రి చల్లదనానికి లోపలి గోడలకు చెమ్మ పట్టి నీరవుతుంది. సముద్రపు గాలిలో ఇది ఇంకా ఎక్కువ. ఆ నీటికీ డీజిల్‌కూ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి, గోధుమరంగు జిగురు తయారవుతుంది. సీసాలో పీచుపీచుగా, నాచులా కనిపించేది అదే.

జిగురు ఉంటే పైపైన నీరు వదిలేస్తే చాలదు. ట్యాంకు దించి, మొత్తం ఖాళీ చేసి, లోపల కడిగి, ఎండలో పూర్తిగా ఆరనిచ్చి కొత్త డీజిల్ పోయాలి. ఒడ్డున బాగా నడిచిన ఇంజన్ మొగ దగ్గర ఆగిపోవడానికి చాలాసార్లు ఈ జిగురే కారణం. రేవులో ట్యాంకు కదలదు కాబట్టి మడ్డి అడుగునే ఉంటుంది. కెరటాల మీద బోటు ఎగిరిపడగానే అదంతా లేచి ఫిల్టర్‌కు పడుతుంది. ఈ ఒక్క పని వాయిదా వేయకండి.

తీసిన పాత డీజిల్‌ను కాలువలోకో, రేవులోకో వంపవద్దు. ఆ నీరే పక్క రొయ్యల చెరువుకు పోతుంది.

ఫిల్టర్, పైపులు

కాగితం ఫిల్టర్‌ను పెట్రోలుతో కడిగి మళ్లీ పెట్టడం చాలాచోట్ల అలవాటు. అలా చేస్తే కాగితం చిరిగి మురికి నేరుగా పంపులోకి పోతుంది. ఎఫ్.ఐ. పంపు లోపలి ప్లంజర్‌కూ దాని గొట్టానికీ మధ్య సందు మన తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. చిన్న ఇసుక రేణువు, కొన్ని చుక్కల ఉప్పునీరు దాన్ని పాడుచేయడానికి చాలు. రెండు నెలల విరామం తర్వాత ఫిల్టర్ కొత్తది వేయడమే లాభం.

రబ్బరు పైపును వేళ్ల మధ్య వంచి చూడండి. ఎండకు గట్టిపడి పగుళ్లు కనిపిస్తే మార్చండి. డీజిల్ బయటకు కారకపోయినా, ఫీడ్ పంపు పీల్చేటప్పుడు ఆ పగులు గుండా గాలి లోపలికి పోతుంది. విప్పిన ప్రతిచోటా రాగి వాషర్లు కొత్తవి వేసుకోవాలి.

గాలి తీయడం

ట్యాంకులో సగానికి పైగా శుభ్రమైన డీజిల్ పోసి కాక్ తెరవండి. ఫిల్టర్ పైన ఉన్న ఎయిర్ స్క్రూ రెండు చుట్లు వదులు చేస్తే బుడగలు వస్తాయి. బుడగలు ఆగి డీజిల్ నిండుగా వస్తున్నప్పుడే, ధార ఆగకముందే బిగించండి. తర్వాత ఎఫ్.ఐ. పంపు దగ్గర ఉన్న స్క్రూను అలాగే చేయాలి. వరస మార్చకూడదు. ముందు పంపు దగ్గర తీసి తర్వాత ఫిల్టర్ దగ్గరకు వస్తే గాలి మళ్లీ పంపులోకే పోతుంది.

ఆఖరున నాజిల్ దగ్గర హైప్రెషర్ పైపు నట్టు ఒక చుట్టు వదులు చేయండి. స్టాప్ లివర్ నడిచే స్థానంలో ఉంచి, యాక్సిలరేటర్ పూర్తిగా పెట్టి, డీకంప్రెషన్ లివర్ ఎత్తి హ్యాండిల్ తిప్పండి. నట్టు దగ్గర డీజిల్ బుడగలు లేకుండా ఉబికి వచ్చాక బిగించండి. ఇప్పుడు మళ్లీ తిప్పితే నాజిల్‌లో 'కిర్రు కిర్రు'మని శబ్దం వినపడాలి. ఆ శబ్దం వచ్చిందంటే డీజిల్ నాజిల్ దాకా చేరి, లోపలికి పడుతోంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ ఇంజన్లలో నాజిల్ సుమారు 200 బార్ ఒత్తిడి దగ్గర తెరుచుకుంటుంది. మోటారుసైకిల్ టైరులో ఉండే గాలి ఒత్తిడికి దాదాపు వంద రెట్లు. నాజిల్ నుంచి గాని, చీలిన హైప్రెషర్ పైపు నుంచి గాని వచ్చే సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. చేయి అడ్డుపెట్టి చూడకండి, ముఖం దగ్గర పెట్టకండి. పొరపాటున తగిలితే పైన సూది గుచ్చినంత గుర్తే ఉంటుంది, నొప్పి కూడా మొదట తెలియకపోవచ్చు. అయినా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లి డీజిల్ లోపలికి పోయిందని చెప్పండి. ఆలస్యమైతే వేలు, చేయి తీసేయాల్సి వస్తుంది.

రాక్ పట్టేస్తే

స్టార్ట్ చేసే ముందు స్టాప్ లివర్ లాగి వదలండి. స్ప్రింగుతో వెనక్కి రావాలి. రాకపోతే పంపు రాక్ జిగురుతో పట్టేసి ఉండవచ్చు. ఆపిన స్థానంలో పట్టేస్తే ఇంజన్ స్టార్ట్ కాదు. నిండుగా డీజిల్ ఇచ్చే స్థానంలో పట్టేస్తే స్టార్ట్ కాగానే వేగం అదుపు తప్పుతుంది. అప్పుడు ట్యాంకు కాక్ కట్టినా వెంటనే ఆగదు, ఫిల్టర్‌లో ఉన్న డీజిల్‌తో ఇంకా నడుస్తుంది. గాలి పీల్చే మూతిని చెక్కపలకతో గట్టిగా మూసేయాలి, అరచేత్తో కాదు. ఆ పలక మొదటి స్టార్టుకు ముందే పక్కన పెట్టుకోండి. రాక్ పట్టేసిందని తేలితే సుత్తితో తట్టడం, స్క్రూడ్రైవర్‌తో లేపడం వద్దు. పంపు షాపుకే ఇవ్వండి. ఇంత చేసినా తెల్లపొగ తగ్గకపోతే నాజిల్ కూడా అక్కడే టెస్టర్ మీద పెట్టించాలి.

ఇంజన్ అందుకోవడం లేదని పెట్రోలు ముంచిన గుడ్డను గాలి మూతి దగ్గర పెట్టడం కొందరికి అలవాటు. డీజిల్ ఇంజన్‌లో అది తగలరాని సమయంలో పేలి పిస్టన్‌ను, కనెక్టింగ్ రాడ్‌ను విరగ్గొడుతుంది. బోటు అడుగున డీజిల్ ఆవిరి కూడా ఉంటే మంటలు లేస్తాయి.

పెట్రోలు ఇంజన్ ఉన్నవారికి ఒక మాట. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది చెమ్మను పీల్చుకుంటుంది. నెలల పాటు ఉన్న పెట్రోలు వాడకుండా తీసేసి, కార్బురేటర్ గిన్నె ఖాళీ చేసి జెట్టు శుభ్రం చేసుకోవాలి. పవర్ స్ప్రేయర్లకూ ఇంతే.

వేటకు వెళ్లే ముందు

బోటును రేవులో గట్టిగా కట్టి, ఇంజన్‌ను లోడు మీద కనీసం అరగంట నడపండి. తర్వాత ఫిల్టర్ కింది గిన్నె మరోసారి చూడండి. మళ్లీ నీరు, జిగురు కనిపిస్తే ట్యాంకు ఇంకా శుభ్రం కాలేదు. ఆ రోజు మొగ దాటవద్దు.

బోటులో ఒక కొత్త ఫిల్టర్, రాగి వాషర్లు, రెండు మీటర్ల పైపు, క్లిప్పులు, సరిపడే స్పానర్లు, మూత బిగించిన డబ్బాలో ఐదు లీటర్ల శుభ్రమైన డీజిల్ ఉంచుకోండి. మొగ దాటేటప్పుడు లంగరు తాడుతో సహా చేతికందేలా ఉండాలి, లైఫ్ జాకెట్లు ఒంటి మీద ఉండాలి. సముద్రంలో ఆపద వస్తే కోస్ట్ గార్డ్ ఉచిత నంబరు 1554.

వచ్చే ఏప్రిల్‌లో బోటు ఒడ్డుకు చేర్చేటప్పుడు ట్యాంకును అంచు దాకా నింపి కాక్ కట్టేయండి. చెమ్మ పట్టడానికి లోపల చోటు ఉండదు. గాలి రంధ్రం మీద సన్నటి జాలీ ముక్క కట్టండి, గుడ్డ కుక్కవద్దు.