పేరు ఒకటి, మనుషులు ముగ్గురు

మీ తరగతి హాజరుపట్టీలో వెంకటేశ్వరరావులు ఎందరున్నారు? ఇద్దరుంటే మాస్టారు ఇంటిపేరు చేర్చి పిలుస్తారు. ఇంటిపేరు కూడా ఒకటే అయితే “పొడుగు వెంకటేశ్వరరావు” అంటారు. మనిషి ఎదురుగా ఉన్నాడు కనుక చిక్కు అక్కడితో తీరుతుంది. కాని ఆ మనిషి పోయి రెండు వందల ఏళ్లు దాటి, కాగితాల మీద పేరు మాత్రమే మిగిలితే? అప్పుడు గ్రంథాలయంలో చేయవలసిన పని ప్రయోగశాలలో చేసే పనికి ఏమీ తీసిపోదు.

ఢిల్లీకి తూర్పున, హిండన్ నది దగ్గర ఉన్న ఘాజియాబాద్ నగరాన్నే తీసుకుందాం. దీని పూర్వనామం ఘాజీయుద్దీన్‌నగర్. రైళ్లు వచ్చాక పేరు కురచయింది. దీన్ని స్థాపించింది ఎవరు? ఆసఫ్ జా కుమారుడైన “వజీరు ఘాజీయుద్దీన్” 1740లో స్థాపించాడని బ్రిటిషు కాలపు గెజిటీరు చెబుతుంది. వాక్యం చిన్నదే కాని, అందులో ఇద్దరు మనుషులు కలిసిపోయారు.

“ఘాజీయుద్దీన్ ఖాన్ ఫిరోజ్ జంగ్” అనేది బిరుదు. ఒకే కుటుంబంలో ముగ్గురికి ఆ బిరుదు ఉండేది. ఆ కుటుంబం మనకు కొత్తదేమీ కాదు, హైదరాబాదు నిజాములదే. మొదటి ఘాజీయుద్దీన్ ఔరంగజేబు సేనాని. 1687లో గోల్కొండ ముట్టడిలో పాల్గొన్నాడు. మొదటి నిజాం ఆసఫ్ జాకు తండ్రి. ఢిల్లీ అజ్మీరీ గేటు దగ్గరి మదర్సా ఇతని పేరుతోనే ఏర్పడింది. 1710లో మరణించాడు. రెండవ ఘాజీయుద్దీన్ ఆసఫ్ జా పెద్దకొడుకు, 1752లో ఔరంగాబాదులో మరణించాడు. మూడవవాడు ఈ రెండవవాని కొడుకు. ఇతన్ని ఇమాదుల్‌ముల్క్ అని కూడా అంటారు. 1754లో మొగలు చక్రవర్తికి వజీరయ్యాడు, 1800లో మరణించాడు. చాలదన్నట్టు ఇతని అసలు పేరు షిహాబుద్దీన్, ముత్తాత అసలు పేరూ అదే! మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెట్టడం లాంటిదే ఇది. ఆనందం కుటుంబానిది, అవస్థ చరిత్రకారునిది.

ఇప్పుడు 1740 అనే సంవత్సరాన్ని ఈ ముగ్గురి పక్కన పెట్టి చూడండి. మొదటివాడు అప్పటికి చనిపోయి ముప్పై ఏళ్లు. మూడవవాడు సుమారు 1736లో పుట్టాడంటారు, అంటే నాలుగేళ్ల పసివాడు. రెండవవాడు మాత్రం సరిపోతాడు. నాదిర్ షా దండయాత్ర జరిగిన మరుసటి ఏడు, అంటే 1740లో, ఆసఫ్ జా దక్కనుకు బయలుదేరుతూ ఢిల్లీ దర్బారులో తన బదులుగా ఉంచింది ఈ కొడుకునే. మరి “వజీరు” మాటేమిటి? రెండవవాడు ఏనాడూ వజీరు కాదు. 1724 నుంచి 1748 వరకు ఆ పదవిలో ఉన్నది కమరుద్దీన్ ఖాన్. కనుక 1740 నిజమైతే “వజీరు” తప్పు, “వజీరు” నిజమైతే 1740 తప్పు. రెండూ ఒకేసారి నిజం కాలేవు. నా మొగ్గు సంవత్సరం వైపే. పదవులను వెనుకటి కాలానికి అంటగట్టడం రాతగాళ్లకు మామూలే. అయినా ఇది మొగ్గు మాత్రమే, రుజువు కాదు.

ఇలాంటి పనికి నేను చెప్పే పద్ధతి ఒకటే. పేరు కనబడిన ప్రతిచోటా ఒక చీటీ రాయండి. తేదీ, ఊరు, తండ్రి పేరు, పదవి, ఏ పుస్తకం, ఎన్నో పుట, అన్నీ అందులో ఉండాలి. పేరు కలిసిందని రెండు చీటీలను ఎన్నడూ కలపకండి. కనీసం మరి రెండు వివరాలు కలవాలి, ఒక్కటీ అడ్డుపడకూడదు. నూరు పోలికలకన్నా ఒక్క వైరుధ్యం విలువైనది. చనిపోయినవాడు ఊరు కట్టలేడు కదా! తేదీలతో మరో జాగ్రత్త: హిజ్రీ సంవత్సరానికి సుమారు 354 రోజులే. 1740లో కొంత భాగం హిజ్రీ 1152, మిగిలింది 1153. ఇక అక్షరక్రమం చూస్తే ఫిరోజ్, ఫీరూజ్, జంగ్, జాంగ్... సూచికలో అన్నిచోట్లా వెతకాలి.

మొగలు సర్దారుల జీవితాలకు పెద్ద ఆధారం “మాసిర్ ఉల్ ఉమరా” అనే పారశీక గ్రంథం. దాని ఆంగ్లానువాదాన్ని బెవరిడ్జి మొదలుపెడితే, సరిదిద్ది పూర్తిచేసింది బైనీ ప్రసాద్, ఒక జంతుశాస్త్రవేత్త! జంతుశాస్త్రంలో ఒక ప్రజాతి పేరును మరో జంతు ప్రజాతికి పెట్టకూడదు. అలా జరిగితే సాధారణంగా ముందు ప్రకటించినదే నిలుస్తుంది, రెండవదానికి కొత్త పేరు పెడతారు. మనుషులకు అటువంటి నియమావళి లేదు.

అందుకే గ్రంథాలయాలు “అథారిటీ ఫైలు” నడుపుతాయి. అంటే ఒక్కో వ్యక్తికి ఒక స్థిరమైన పేరు రూపం నిర్ణయించి, అవసరమైతే జనన మరణ సంవత్సరాలు చేర్చి, మిగతా రూపాలన్నిటినీ దానికే ముడివేయడం. మన పేర్లతో వాటికి అదనపు తలనొప్పి ఉంది. గణాంక శాస్త్రవేత్త సి. ఆర్. రావు ఇంటిపేరు కల్యంపూడి, అది ముందు వస్తుంది. పాశ్చాత్య పద్ధతిలో చివరి మాటే ఇంటిపేరు కనుక, ఆయన “రావు” కింద చేరి, వేలాది రావుల గుంపులో పడతారు. పరిశోధకులకు 2012 నుంచి ఆర్కిడ్ అనే 16 స్థానాల గుర్తింపు సంఖ్య దొరుకుతోంది. ఘాజీయుద్దీన్లకు ఆ సదుపాయం లేదు.

ఈ వెతుకులాట మీరే చేయదలచుకుంటే, పాత జిల్లా గెజిటీర్లలో “ఘాజియాబాద్ జిల్లా” కోసం చూడకండి. అది 1976లో ఏర్పడింది. అంతకుముందు ఆ ఊరు మీరట్ జిల్లాలోది. మీరట్ సంపుటం అడగండి.