కలివికి ముప్పు లేదా?

మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా రాళ్లగుట్టల వాలుల్లో దానంతటదే మొలిచే కలివి, తోటల చుట్టూ కంచెగా నాటుకునే వాక్కాయ దగ్గరి చుట్టాలు. రెండూ గన్నేరు కుటుంబానివే. ఆకు తుంచితే పాలు కారతాయి. తెల్లటి పూలకు అయిదేసి రేకులు, కొమ్మల నిండా ముళ్లు. తేడా కాయలో తెలుస్తుంది. వాక్కాయ చిన్న ఉసిరికాయంత ఉంటుంది, గులాబీ చాయ, పులుపు. పప్పులోకీ పచ్చడిలోకీ పనికొస్తుంది. బేకరీలో చెర్రీ అనుకుని మనం తినేది చాలాసార్లు పాకం పట్టి రంగేసిన ఈ వాక్కాయే! కలివి పండు అంతకంటే చిన్నది. పండితే నల్లగా నిగనిగలాడుతుంది, తియ్యగా ఉంటుంది.

గిరాకీ ఉంది కాబట్టి వాక్కాయను రైతే కాపాడుకుంటాడు. కలివిని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐ.యు.సి.ఎన్.) ఎర్ర జాబితా ‘లీస్ట్ కన్సర్న్’ కింద, అంటే ఇప్పట్లో భయం లేని జాతుల్లో, చేర్చింది. తప్పేం లేదు. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా పెరిగే కలివి పొదలన్నిటికీ నేటి వృక్షశాస్త్రంలో కరిస్సా స్పైనారం అన్నది ఒకటే పేరు. చిక్కు కూడా అక్కడే ఉంది. పుంగనూరు గుట్టల్లో ఒక్క పొదా మిగలకపోయినా ఆ ముద్ర మారదు. పొరుగున కడప జిల్లా లంకమల పొదల్లో 1986లో మళ్లీ కనిపించిన కలివికోడిని చూడండి: పిట్ట అంతరించే అంచున ఉంది, దాని పేరులోని పొదకేమో భయం లేదట! పోతున్నది ఒక మొక్క కాదు, పొదల నేల. మన ప్రభుత్వ బంజరు భూముల అట్లాసు పొదలున్న నేలను బంజరుగానే లెక్కగడుతుంది. కౌండిన్య అభయారణ్యం లోపలి పొదకు చట్టం అండ ఉంది. ఊరి పక్క గుట్టకు అదీ లేదు.

కలివిని నరికినా మళ్లీ చిగురిస్తుంది కదా అంటారు. నిజమే, కానీ అది కొడవలి నాటి మాట. జేసీబీ వేళ్లతో సహా పెకలిస్తుంది. పోయినచోట వాక్కాయ నాటితే సరిపోదా అన్నది మరో వాదన. సరిపోదు. వాక్కాయ మనం పెద్ద కాయ కోసం ఏరుకున్న మొక్క. కలివి పిట్టలు తిని విత్తనం వేస్తే మొలిచేది. దాని ముళ్ల చాటున మేకల నోటికి అందకుండా వేరే మొక్కలూ ఎదుగుతాయి. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీకీ జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మీ ఊరి రిజిస్టరులో కలివి ఉందో లేదో అడగండి, లేకపోతే రాయించండి.