చేయి పడిపోతే వైద్యం చేతికి కాదు, తలకి

పక్షవాతం వచ్చినప్పుడు ‘చేయి పడిపోయింది’ అంటాం. ఆ మాటే మనల్ని దారి తప్పిస్తుండాదని నాకు అనిపిస్తాది. చేతిలో ఎముక బాగానే ఉండాది, కండ బాగానే ఉండాది, రక్తం పారతానే ఉండాది. దెబ్బ తగిలింది తలకాయలో. మన తోటపల్లి గూడూరు వైపు ఇప్పటికీ ముందు చేతికీ కాలికీ పసరు పూసేవాళ్లుండారు, పావురాయి రక్తం రుద్దేవాళ్లుండారు. అదెందుకు పనికిరాదో తెలియాలంటే మెదడులోని ఒక కణం సంగతి తెలుసుకోవాల.

దాని పేరు పిరమిడల్ న్యూరాన్. ఒళ్లు మూడు కోణాలుగా, పిరమిడ్ మాదిరి ఉంటాది కాబట్టి ఆ పేరు. మెదడు పైపొరలో ఉండే నాడీకణాల్లో ఎక్కువ భాగం ఇవే. చూసేదానికి చెట్టు లెక్క ఉంటాది. పైకి ఒక పెద్ద కొమ్మ, మొదట్లో చుట్టూ చిన్న కొమ్మలు, వాటి నిండా వేల మొగ్గలు. ఒక్కో మొగ్గ దగ్గర ఇంకో కణం వచ్చి కబురు చెప్తాది. ఆ కబుర్లన్నీ విని, ఈ కణం తన మాటని ఒకే ఒక తీగ మీద పంపిస్తాది. తీగ చివర గ్లూటమేట్ అనే రసాయనం వదిలి, అవతలి కణాన్ని తట్టి లేపుతాది.

వీటిలో బాగా పెద్దవాటిని 1874లో కీవ్ నగరంలో వ్లాదిమిర్ బెట్జ్ అనే శాస్త్రవేత్త గుర్తించినాడు. కాలూ చేయీ ఆడించే భాగంలో ఉంటాయవి. కణం ఒళ్లు మిల్లీమీటర్‌లో పదో వంతుకి మించదు. దాని తీగ మాత్రం నడినెత్తి నుంచి వెన్నుపాములో నడుం దాకా, మూర పైనే దిగుతాది. దోవలో ఎక్కువ తీగలు అటువి ఇటు, ఇటువి అటు దాటుకుంటాయి. అందుకే మెదడులో కుడిపక్క దెబ్బ తగిలితే ఎడమ చేయి పోతాది.

వెన్నుపాములో ఇంకో కణం ఆ కబురు అందుకొని కండకి చేరుస్తాది. మన పొలం భాషలో చెప్పాలంటే మెదడులోది ట్రాన్స్‌ఫార్మర్, వెన్నుపాములోది స్టార్టర్ డబ్బా, చేయి మోటారు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే ఎవురైనా మోటారుకి గ్రీజు పూస్తారా? పోలియోలో పోయేది స్టార్టర్ డబ్బా, అందుకే కాలు మెత్తగా వేలాడతాది. పక్షవాతంలో పైకణమో, దాని తీగో పోతాది. అదుపు పెట్టేది లేక, చేయి కొన్నాళ్లకి బిగుసుకొని ముడుచుకుంటాది.

ఇదే కణాన్ని తిండి కూడా దెబ్బ తీస్తాదని చెప్పే కథ ఒకటుండాది. ఉత్తరాదిలో కరువు వచ్చినప్పుడు పేదోళ్లు నెలల తరబడి కేసరి పప్పే తిని బతికినారు. మన తెలుగులో దాన్ని లంక పప్పు అంటారు. అట్టా తిన్నోళ్లలో కొందరికి కాళ్లు బిగుసుకుపోయి, కర్ర లేకుండా నడవలేకపోయినారు. ఆ జబ్బు లాథిరిజం. 1964లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ ఆ పప్పులోని విషాన్ని విడదీసి చూపించినారు. ఆ రావు గారే తర్వాత హైదరాబాద్ ఉస్మానియా యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పనిచేసినారు. ఆ విషం గ్లూటమేట్ వేషం వేసుకొని వస్తాది. కణాన్ని తట్టి లేపడంతో ఆగదు, విరామం లేకుండా తట్టి తట్టి చంపేస్తాది. కాలికి ఎన్ని నూనెలు రుద్దినా ఆ కణం తిరిగి రాదు.

పక్షవాతంలో జరిగేదీ దీనికి దగ్గరే. రక్తనాళం మూసుకుపోయి గాలి అందకపోతే, చచ్చే కణాల నుంచి గ్లూటమేట్ పొంగిపొర్లి పక్క కణాలని కూడా చంపుతాది. రొయ్యల గుంట మీద బతికేవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. రాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే తెల్లారేదాకా చూస్తూ కూర్చుంటామా? నిమిషాల్లో జనరేటర్ వేస్తాం. 2006లో అమెరికా డాక్టర్ జెఫ్రీ సేవర్ లెక్క కట్టినాడు. పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయంట. రొయ్యలకున్న తొందర ఇంట్లో పెద్దాయనకి లేకపోతే ఎట్టా?

అందుకని ఇవి గుర్తు పెట్టుకోండి. మూతి ఒకపక్కకి వంకర పోయినా, రెండు చేతులు చాపమంటే ఒకటి జారిపోయినా, మాట ముద్దగా వచ్చినా పక్షవాతమే అనుకొని 108కి ఫోన్ చేయండి. మనిషి చివరిసారి బాగా ఉన్నది ఎన్ని గంటలకో రాసుకోండి, డాక్టర్ మొదట అడిగేది అదే. మంచినీళ్లు తాగించొద్దు, గొంతులో అడ్డం పడతాయి. మీ అంతట మీరు మాత్రలేమీ వేయొద్దు. నాళం మూసుకుపోయిందా, చిట్లిందా అనేది సీటీ స్కాన్ తీస్తేనే తెలిసేది. మూసుకుపోయి ఉంటే, గడ్డని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపల పడాల. ఎంత ముందు పడితే అన్ని కణాలు దక్కుతాయి. మనకి నెల్లూరు గంట దూరం కూడా లేదు. పసరు కోసం వేరే ఊరికి తిప్పితేనే ఆ గంటలు కరిగిపోయేది.

చచ్చిన కణం లేవదు. అయితే చుట్టుపక్కల బతికున్నవి కొత్త కొమ్మలు వేసి ఆ పనిలో కొంత నేర్చుకుంటాయి. వాటికి పని నేర్పేది ఫిజియోథెరపీ. ఊరకే పడుకోబెట్టి నూనె రుద్దితే నేర్చుకోవు, మనిషి తనంతట తాను చేయి ఎత్తాలని మళ్లీ మళ్లీ ప్రయత్నించాల. మొదటి నెలల్లోనే లాభం ఎక్కువ.

అసలు రాకుండా చూసుకునేదానికి మొదటి పని బీపీ చూపించుకోవడం. తగ్గింది కదా అని మాత్ర ఆపేసేవాళ్లు మన ఇళ్లలో చానామంది. మాత్ర వేస్తుండారు కాబట్టే తగ్గిందని వాళ్లకి చెప్పాల్సింది ఫోన్ చేతిలో ఉన్న మనమే. నెల్లూరులో రాత్రిపూట కూడా సీటీ స్కాన్, ఆ ఇంజెక్షన్ ఉండే ఆస్పత్రి ఏదో ఈరోజే కనుక్కొని, ఆ నంబర్ ఇంట్లో అందరి ఫోన్లలో ఎక్కించండి.